మూల చింపిన డబ్బాలో బాలమణి ఉత్తరం

దయ్యం అనే మాటకు నేను ఎన్నడూ భయపడలేదు. పదేళ్ల వయసు నుంచి కూలికి పోయినదాన్ని. శ్మశానం పక్క చేనులో ఒక్కదాన్నే కంది కోశాను. ఆ గట్టు మీదే సద్ది విప్పుకొని తిన్నాను. నా మొగుడు ఏ మంచం మీద ప్రాణం విడిచాడో ఆ మంచం మీదే ఇన్నేళ్లుగా పడుకుంటున్నాను. ఎవరూ వచ్చి నన్ను లేపలేదు. పూనకం వచ్చి ఊగేవాళ్ల ముందు నిలబడి "నా పేరేందో చెప్పు" అని అడిగిన మనిషిని. కాబట్టి "పాపం, పల్లెటూరి ఆడమనిషి, ఏదో భ్రమపడింది" అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇంకో మాట కూడా ముందే చెబుతాను. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట. "కొత్తగా నేర్చింది కదా, ఒకటి చూసి ఇంకోటి చదివి ఉంటుంది" అని నా ముఖం మీదే అన్నారు. చిన్నప్పుడు చదువుకున్నవాళ్లు మాటను చూడగానే చదివేస్తారు, సగం ఊహించుకుంటారు. నాకు ఆ ఊహించడం రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం దాటుకుంటూ పోతాను. నేను ఆలస్యంగా చదువుతాను గానీ తప్పు చదవను.

దేవరకొండలో కోట గుట్టకు పోయే దారిలో మా మహిళా రైతుల సంఘం ఆఫీసు ఉంది. రెండు గదులు, ఒక వరండా. ఇరవై రెండు పల్లెల ఆడవాళ్లు సభ్యులు. కంది, ఆముదం, జొన్న విత్తనాలు అందరం కలిసి తెప్పించుకొని పంచుకుంటాం. నేను అక్కడ ఊడ్చడానికి, చాయ్ పెట్టడానికి చేరాను. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఆ వరండాలోనే పెద్దవాళ్లకు చదువు మొదలైంది. చీపురు మూలకు పెట్టి నేనూ కూర్చున్నాను.

నా పక్కన బాలమణి కూర్చునేది. ఆమెది బండమీదిపల్లె. అచ్చంపేట వైపు అడవి అంచున, వాగు అవతల, పదిహేడు ఇళ్ల ఊరు. రోజు విడిచి రోజు ఆటోలో వచ్చేది. నా ఈడుదే. మా ఇద్దరికీ ఒకటే పలక. "ఈ వయసుల సదివి కలెక్టర్లయితరా?" అని ఎవరో నవ్వితే, బాలమణి పలక మీద నుంచి తల ఎత్తకుండానే, "కలెక్టర్ గాకున్నా, కలెక్టర్ ఏం రాసిండో నేనే సదువుకుంట. నీ అసొంటోన్ని అడుక్కోను" అంది. ఆమె గొంతు పెద్దది. మెల్లగా మాట్లాడటం ఆమెకు తెలియదు.

కొన్నేళ్లకు సంఘం ఒక తీర్మానం చేసింది. ఊరికో మెయిల్ అడ్రస్ ఉండాలి. విత్తనాల జాబితాలు ఇక నోటిమాటతో కాదు, మెయిల్‌లో రాతపూర్వకంగా రావాలి. అంతకుముందేడు నోటిమాట మీద పంపితే కంది అడిగినవాళ్లకు ఆముదం పోయి, ఆఫీసు ముందు పెద్ద గొడవైంది. ఊరికో అడ్రస్ అంటే బయటివాళ్లు కిరాయి ఎక్కువ అడిగారు. నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే సలీం భాయ్‌ని పిలిపిస్తే, "కిరాయెందుకు? పాత కంప్యూటర్ ఒకటియ్యుండ్రి. మీ సొంత పోస్టాఫీసే పెట్టిస్త" అన్నాడు.

మూడు రోజులు పట్టింది. చాయ్ ఇచ్చే నెపంతో నేను పక్కనే కూర్చున్నాను. సలీం భాయ్ నలభై దాటిన మనిషి, ఓపిక ఉన్నవాడు. అడిగినదానికల్లా చెప్పేవాడు.

"గిది తలుపుకాడ నిలబడ్డ మనిషసొంటిది అక్కా. వచ్చిన ప్రతి మెయిల్‌ను ఆపి సూస్తది. ఎవరు పంపిండ్రు, నిజంగ ఆ అడ్రస్ నుంచే వచ్చిందా, లోపల ఏమున్నది. అనుమానమొచ్చినప్పుడల్ల ఒక మార్కు ఏస్తది. ఐదు మార్కులు దాటితే పక్క డబ్బాల ఏస్తది."

"మార్కులెక్కువొస్తే ఫెయిలా? మా బడికి ఉల్టా ఉన్నది గదనే నీ మిషిను" అన్నాను.

ఆయన నవ్వి, డబ్బాలకు పేర్లు నన్నే పెట్టమన్నాడు. ఊరి మెయిళ్లు ఆ ఊరి పేరున్న డబ్బాలోకి పోతాయి. సర్కారు ఆఫీసుల నుంచి, విత్తనాలవాళ్ల నుంచి వచ్చేవాటికి 'పసుపు' అని పెట్టించాను. పక్కకు తోసేవాటి డబ్బాకు 'మూల చింపినవి' అని పెట్టించాను. మా దిక్కు శుభవార్త రాస్తే ఉత్తరం మూలలకు పసుపు పెడతారు. చావు కబురు రాస్తే ఒక మూల చింపి పంపుతారు. మూల లేని ఉత్తరాన్ని ఇంట్లోకి తేకూడదు. గడప బయటే చదివి, అక్కడే చింపి పారేయాలి.

సలీం భాయ్ పెట్టిన రూళ్లు మొత్తం పదకొండు. అన్నీ నా నోటుబుక్కులో రాసుకున్నాను. పదకొండోది ఇది: మూల చింపిన డబ్బాలో పడ్డది రోజూ పొద్దున ఆరుకు దానంతటదే నాశనమైపోవాలి. మా కార్యదర్శి సుశీలమ్మకు ఆ రూలు బాగా నచ్చింది.

రెండో వారంలోనే బాలమణి ఆటో దిగి, గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చింది.

"ఏమే అంజమ్మా! రెండు గంటలు ఏలు నొయ్యంగ ఒత్తి ఒత్తి రాస్తే, నీ మిషిను సింపి పారేసిందంటనే! నేనింక బతికే ఉన్ననని జర దానికి జెప్పు!"

బండమీదిపల్లె అడ్రస్ బాలమణి పేరు మీదే ఉంది. ఆమె తన ఫోన్‌లో రాసిన మొదటి మెయిల్ అది. పైన విషయం ఏమిటో రాయకుండా, ఇరవై రెండు ఊళ్లకూ ఒకేసారి పంపింది. మిషిను ఆరు మార్కులు వేసి పక్కకు తోసింది. పొద్దున ఆరుకు అది పోయింది.

ఆ రోజు నేను పట్టుబట్టాను. మనిషి చదవకుండా ఏదీ పారేయకూడదు, ముప్పై రోజులు ఉంచాలి అన్నాను. "చెత్త సదవనీకి మనిషెందుకు అంజమ్మా?" అంది సుశీలమ్మ. "ఊడ్చేదాన్ని నేనున్న గద. ఏది చెత్తనో నాకంటే ఎవరికెరుక?" అన్నాను. సలీం భాయ్ రూలు మార్చాడు. అప్పటి నుంచి రోజూ పది గంటలకు ఆ డబ్బా తెరిచి చదవడం నా పని అయింది. లాటరీలు, మందులు, ఎక్కడో రాజుగారి ఆస్తులు. అన్నీ వేలు పెట్టి చదివాను. వాటితోనే నా చదువు గట్టిపడింది.

మిషిను తన చిట్టా తాను రాసుకుంటుందని కూడా సలీం భాయ్ చూపించాడు. ఒక్కో మెయిల్‌కు మూడు గీతలు, అంటే మూడు వరుసల రాత. బయటి నుంచి వచ్చింది అని ఒకటి, ఇన్ని మార్కులు అని ఒకటి, ఫలానా డబ్బాలో వేశాను అని ఒకటి. "గీ మూడు లేకుంట ఏదీ లోపటికి రాదక్కా" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మూడేళ్ల కింద చలికాలంలో పోస్టుమన్ ఆఫీసు గేటు దగ్గర నా పేరు పిలిచాడు. కార్డు. నా పేరు మీద, నా జన్మలో వచ్చిన మొట్టమొదటి ఉత్తరం. చేతిలోకి తీసుకున్నాకే చూశాను, కుడి పక్క పై మూల లేదు.

గడప బయటే నిలబడి చదివాను. బాలమణి మంగళవారం పొద్దున దవాఖానలో పోయిందని ఆమె మరిది రాశాడు. కింద ఇంకో వాక్యం ఉంది. "నాకేమన్న అయితే అంజమ్మకు ఫోన్ చెయ్యకుండ్రి, ఉత్తరం రాయుండ్రి, ఆమె సదువుతది అని చెప్పింది."

నేను ఆ కార్డు చింపలేదు. చింపాలని నాకు తెలుసు. మా అమ్మ ఎన్ని కార్డులు గడప బయట చదివించి చింపిందో నేను కళ్లారా చూశాను. కానీ అది నాకు వచ్చిన ఉత్తరం. లోపలికి తీసుకుపోయి, మెయిల్ కంప్యూటర్ ఉన్న టేబుల్ సొరుగులో పెట్టాను. సుశీలమ్మ చూసి "అరిష్టం" అంది. నేను సొరుగు మూశాను.

తర్వాతి నెలలో సలీం భాయ్ వచ్చి బాలమణి అడ్రస్ తీసేశాడు. చనిపోయినవాళ్ల అడ్రస్ ఉంచితే దొంగలు వాడుకుంటారట. అది సరైన పనే. ఆ ఊరికి కొత్త అడ్రస్ ఇంకొకరి పేరు మీద పెట్టాలని నేను రెండుసార్లు గుర్తుచేశాను. "చూద్దాం" అంది సుశీలమ్మ. సుశీలమ్మ చెడ్డ మనిషి కాదు. ఇరవై రెండు ఊళ్ల పనిలో పడి మరిచిపోయింది.

జూన్ వచ్చింది. తొలివాన గట్టిగా పడింది. శుక్రవారం సాయంత్రంలోగా జాబితా పంపిన ఊళ్లకే శనివారం విత్తనాల లారీ పోతుందని అన్ని అడ్రస్‌లకూ మెయిల్ పోయింది. బండమీదిపల్లెకు పోయింది తిరిగొచ్చింది, ఆ అడ్రసే లేదు కదా. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ఆ ఊరికి ఫోన్ కలవలేదు. వాగు నిండుగా పోతోందని ఆటోలు ఆగిపోయాయి. బస్సు కండక్టర్‌తో కబురు పంపితే, ఆయన వాగు ఇవతలి నుంచే తిరిగొచ్చాడు. అదును దాటితే ఆ పదిహేడు ఇళ్లకు ఆ ఏడు చేను లేనట్టే. బాలమణి ఊరికి విత్తనం లేకుండా పోవడం నా కళ్ల ముందే జరగబోతోంది. బుధవారం, గురువారం నాకు అన్నం దిగలేదు.

శుక్రవారం పది గంటలకు ఎప్పటిలాగే మూల చింపిన డబ్బా తెరిచాను. తెల్లటి వెలుతురు, కిటికీలు తెరిచి ఉన్నాయి, బయట కూరగాయల బండివాడు కేకలేస్తున్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, భయపడటానికి అక్కడ ఏమీ లేదు.

నాలుగో మెయిల్ బాలమణి అడ్రస్ నుంచి ఉంది.

పైన విషయం లేదు. లోపల పలకరింపు లేదు. పదిహేడు ఇళ్ల పేర్లు, ఎవరికి ఏ విత్తనం ఎన్ని కిలోలు. వాగు దగ్గరి ఇంటితో మొదలై బండ మీది ఇంటితో ముగిసింది. బాలమణి ఎప్పుడూ జాబితా అలాగే రాసేది, ఇంటింటికీ నడుచుకుంటూ పోయినట్టు. ఐదో ఇల్లు రాములమ్మది. ఆమె ఏటా ఆముదమే వేస్తుంది. అక్కడ కంది అని ఉంది. పదిహేడో ఇంటి ఎదుట 'ఎల్లయ్య కోడలు శిరీష' అని ఉంది. అలాంటి కోడలు ఉన్నట్టు నాకు తెలియదు.

ముందు నోటుబుక్కులోకి మొత్తం ఎక్కించుకున్నాను. తర్వాత సుశీలమ్మను పిలిచాను.

ఆమె కుర్చీలో కూర్చొని చదివింది. నా దిక్కు తిరిగి, "నిజం జెప్పు అంజమ్మా. గిది నువ్వే రాసినవా?" అంది.

"నాకు గంత రాయొస్తే, నిన్ను గా కుర్చీల ఎందుకు కూసోనిస్త?" అన్నాను.

సలీం భాయ్ మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. రెండు గంటలు ఆ మిషిను ముందు నుంచి లేవలేదు. చిట్టా తీసి నాకు కూడా చూపించాడు. గురువారం సాయంత్రం ఏడు దాటి పది నిమిషాలకు తొమ్మిది మార్కులు వేసినట్టు ఒక గీత ఉంది. మూల చింపిన డబ్బాలో వేసినట్టు ఇంకో గీత ఉంది. బయటి నుంచి వచ్చింది అనే మొదటి గీత లేదు. ఆ వేళకు ఆఫీసుకు తాళం వేసి ఉంది, తాళంచెవి సుశీలమ్మ దగ్గరే ఉంది.

"బయటికెల్లి రాలేదు. లోపటికెల్లి ఎవరన్న పెట్టిండ్రందామంటే, ఎవరూ మిషిను తెరిచిన గుర్తు లేదు. అసలు గీ అడ్రస్ నేనే తీసేసిన గదక్కా" అన్నాడు. సలీం భాయ్ మా ఆఫీసులో చాయ్ తాగకుండా లేచిన రోజు అదొక్కటే.

సుశీలమ్మకు భయం పట్టుకుంది. "దాన్ని తీసెయ్యి సలీం. అంజమ్మా, నువ్వు ముందు గా కార్డు సింపు. చావు కార్డు లోపట పెట్టుకున్నందుకే గిదంత" అంది.

"సింప" అన్నాను.

"మరి గీ జాబితా ఎట్ల ఒప్పుకోవాలె? నలుగురికి ఏమని జెప్పాలె?"

నేను అలమార తెరిచి తీర్మానాల పుస్తకం తీశాను. ఆ పేజీ తెరిచి, వేలు పెట్టి, ఆమెకు వినబడేలా చదివాను. "శుక్రవారంలోగా ఊరి అడ్రస్ నుంచి మెయిల్ రావలెను." పుస్తకం ఆమె ముందు పెట్టాను.

"వచ్చిందా, రాలేదా? పంపినోళ్లు బతికుండాలె అని ఇండ్ల రాసినమా?"

సలీం భాయ్ తల వంచుకున్నాడు. నవ్వు ఆపుకున్నాడో, దువా చదువుకున్నాడో నాకు తెలియదు. సుశీలమ్మ పుస్తకం మూసి, "లారీల నువ్వే పో. ఆడ ఎవరన్న అడిగితే నువ్వే జవాబియ్యి" అంది.

శనివారం పొద్దున వాగు మోకాళ్ల లోతుకు దిగింది. లారీ ఇవతల ఆగింది. ట్రాక్టర్ మీద బస్తాలు దాటించాం. ఆ ఊరివాళ్లు మమ్మల్ని చూసి నమ్మలేదు. తొలివాన పడ్డా కబురు రాలేదు కాబట్టి తమ పేరు కొట్టేశారని అప్పటికే తిట్టుకుంటూ కూర్చున్నారు. నేను నోటుబుక్కు తెరిచి, వాగు దగ్గరి ఇంటి నుంచి పేర్లు పిలిచాను. ఒక్కొక్కరూ వచ్చి తీసుకున్నారు. ఇది కాదు, అది కావాలని ఎవరూ అనలేదు.

రాములమ్మ మాత్రం కంది బస్తా చేతిలో పట్టుకొని కదల్లేదు.

"ఈసారి ఆముదం వద్దు, కంది పెడదామని మొన్న బేస్తారం మాపటికి అనుకున్న. మా ఆయనకు తప్ప ఎవ్వలికి జెప్పలే. నీకెవరు జెప్పిండ్రక్కా?"

నేను మిగతా పేర్లు పిలుస్తూ పోయి, పదిహేడో పేరు పిలిచాను. చేతికి ఇంకా పెళ్లి గాజులు ఉన్న పిల్ల ముందుకొచ్చింది. ఆమెకు పెళ్లయి రెండు నెలలు. బాలమణి పోయేనాటికి ఆ ఊరు ఎటుందో కూడా ఆమెకు తెలియదు.

పదకొండో ఇంటివాళ్లు మాత్రం రెండు కిలోలు తక్కువ వచ్చిందని గొడవ చేశారు. బాలమణికి వాళ్లతో ఎన్నడూ పడేది కాదు.

మెయిల్ ఎవరు పంపారని అందరినీ అడిగాను. చదువొచ్చిన పిల్లలు ఆ ఊళ్లో లేరని కాదు. వాళ్లనూ ఒక్కొక్కరినే అడిగాను. ఎవరూ పంపలేదు. శుక్రవారం గడువు ఉందనే సంగతే ఎవరికీ తెలియదు. బాలమణి భర్త రేకుపెట్టె తెరిచి ఆమె ఫోన్ చూపించాడు. బ్యాటరీ ఉబ్బి, వెనక మూత ఊడి ఉంది. సిమ్ము ఎప్పుడో తీసేశారట.

ఇంతే జరిగింది. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

సలీం భాయ్ తర్వాత ఆ మిషినును మొత్తం విప్పి, తుడిచి, కొత్తగా పెట్టాడు. పాత మెయిల్ ఏదైనా ఎక్కడో ఇరుక్కొని బయటపడి ఉంటుందని ఆయన తెచ్చిన నల్లగొండ మిత్రుడు అన్నాడు. పాత మెయిల్‌లో కొత్త కోడలి పేరు ఎలా ఉంటుందని అడిగాను. ఆ మిత్రుడు వేరే మాట ఎత్తాడు. ఎవరో తెలివైనవాళ్లు ఆట పట్టించారని ఇంకొకరు అన్నారు. గురువారం మాపటికి రాములమ్మ మనసులోని మాట తెలిసిన ఆ తెలివైనవాళ్లు ఎవరో చూపించమన్నాను. ఇంతవరకు చూపించలేదు.

అది బాలమణి పనే అని కూడా నేను అనను. చచ్చినవాళ్లు ఉత్తరాలు రాస్తారని నేను ఇప్పటికీ నమ్మను. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. నలభై ఎనిమిదేళ్లు నా సంతకం ఎలా ఉంటుందో కూడా తెలియకుండా బతికినదాన్ని.

ముప్పై రోజులకు రూలు ప్రకారం ఆ మెయిల్ డబ్బాలోంచి పోయింది. నేను ఆపమనలేదు. అప్పటికే దాన్ని, మిషిను రాసుకున్న ఆ రెండు గీతలను కాగితాల మీదికి తీయించాను. కార్డుతో పాటు సొరుగులో పెట్టాను. శాంతి చేయించమన్నారు, వాగులో కలపమన్నారు, కనీసం కార్డైనా చింపమన్నారు. బాలమణి నాకు ఉత్తరం రాయించింది చదవమని, చింపమని కాదు.

బండమీదిపల్లెకు ఇప్పుడు శిరీష పేరు మీద అడ్రస్ ఉంది. మూల చింపిన డబ్బాను రోజూ పది గంటలకు నేనే చదువుతున్నాను.

మా ఆఫీసులో వచ్చిన ఉత్తరాల రిజిస్టరు రాసేది కూడా నేనే. ఆ శుక్రవారం మెయిల్‌ను అందులో వరుస నంబరు వేసి ఎక్కించాను. 'పంపినవారు' అనే గడిలో 'బాలమణి, బండమీదిపల్లె' అని రాశాను. సుశీలమ్మ ఎర్ర పెన్ను తీసుకొని దాన్ని కొట్టేయబోయింది. "కొట్టెయ్యి, కానీ ఆడ ఇంకెవరి పేరు రాయాల్నో నువ్వే రాయి" అన్నాను. ఆమె పెన్నుకు మూత పెట్టేసింది.

ఆ పేరు అలాగే ఉంది.